బైకు కప్లర్‌లోంచి పిన్ను తీయడం ఎలా: లాగకండి, ముందు నెట్టండి

"అన్నా, ఎంత లాగినా రావట్నేదు, ఏటి సెయ్యాలి?" అని వారానికి ఒక్కరైనా అడుగుతారు, కింద ఒక ఫోటో పెడతారు. ఫోటోలో ఒక తెల్ల కప్లర్, అంటే వైర్ల చివరి ఇత్తడి పిన్నుల్ని పట్టుకుని వైర్లని కలిపే ప్లాస్టిక్ జోడీ, దాని వెనక సగం తెగి రాగి పోగులు బయటికొచ్చేసిన వైరు. అందరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా, ఇక ఎవరడిగినా ఇదే పంపిస్తా.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని తరచూ ఎందుకు పడుతుందో బండి నడిపేవాళ్లకి తెలిసిందే. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు బళ్లకి ఉప్పుగాలి తగిలి పిన్నులు పచ్చగా చిలుము పట్టేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నీళ్లలో నానిన బళ్లు కొన్నింటికి ఆ చిలుము నెలలు గడిచాక బయటపడింది, ఒకరోజు హారన్ మోగదు, ఇంకోరోజు సెల్ఫ్ అందుకోదు. విజయనగరం, బొబ్బిలి లాంటి లోపలి ఊళ్లలో ఉప్పు బాధ తక్కువే గానీ అక్కడ ఇంకో రోగం ఉంది, పెద్ద హారన్లు, ఎక్కువ వాట్ల బల్బులు తగిలించి కప్లర్ కరిగించుకోవడం. రెండింటికీ మందు ఒకటే, పిన్ను బయటికి తీసి శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. షెడ్డుకి తీసుకెళితే చాలాచోట్ల కప్లర్ కోసేసి, వైర్లు మెలేసి, టేపు చుట్టేస్తారు. ఆ రోజుకి బండి నడుస్తుంది. మళ్లీ వానలు పడ్డాక ఆ టేపు కిందే కథ మొదలు.

అసలు పిన్ను ఎందుకు రాదు?

రెండు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మామూలు తెల్ల నైలాన్ కప్లర్‌లో ఇత్తడి పిన్ను వీపు మీద చిన్న నాలుక ఒకటి లేచి ఉంటుంది. పిన్నుని లోపలికి దూర్చగానే ఆ నాలుక ప్లాస్టిక్ గట్టు దాటి టక్కున లేస్తుంది, వెనక్కి లాగితే వెళ్లి ఆ గట్టుకే తన్నుకుంటుంది. గాలానికి ఎదురుముల్లు ఉన్నట్టే. మీరు ఎంత బలంగా లాగితే అది అంత బిగుసుకుంటుంది, చివరికి నాలుక విరగాలి, లేదా వైరు తెగాలి.

రబ్బరు సీలు ఉండి నీళ్లు దూరని నల్ల కప్లర్‌లో నాలుక ఎక్కువగా పిన్నుకి కాదు, ప్లాస్టిక్‌కే ఉంటుంది. లోపల సన్నటి ప్లాస్టిక్ వేలు లాంటిది పిన్ను మీదకి వాలి దాన్ని పట్టుకుంటుంది. అది చాలదన్నట్టు తెల్లదో పసుపుదో ఊదా రంగుదో ఇంకో ముక్క అడ్డం ఉంటుంది, అది రెండో తాళం.

అంటే ఒకచోట నాలుకని అదమాలి, ఇంకోచోట వేలిని లేపాలి. తేడా ఇంతే, కానీ ఇది తెలియకే సగం కప్లర్లు పాడవుతున్నాయి.

ఏం కావాలి

వాచీలు రిపేరు చేసే అతి సన్న స్క్రూడ్రైవర్, మొన ఒక మిల్లీమీటరు వెడల్పుది. దొరక్కపోతే పాత గొడుగు ఊచ ముక్క కోసి, చివర సుత్తితో చదును చేసి, ఆకురాయితో అర మిల్లీమీటరు మందానికి అరగదీయండి. నేను ఆరేళ్లుగా వాడుతున్నది మా నాన్న గొడుగు ఊచే, ఆన్‌లైన్‌లో కొన్న పిన్ ఎజెక్టర్ సెట్టు మూడో వాడకానికే వంగిపోయి డ్రాయర్లో పడుంది.

సీలు కప్లర్లకి ఒక గట్టి సూది, లేదా మధ్య సైజు పిన్నీసు. గుండ్రటి పిన్నులకి పాత రేడియో ఏంటెన్నా గొట్టం ముక్క, ఎందుకో కింద చెప్తా. ఇవి కాక నోస్ ప్లేయర్, టార్చి, పాత టూత్ బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మల్టీమీటర్, బ్యాటరీ విప్పడానికి స్పానర్. ఇంకా ఫోను కెమెరా. నలభై దాటినవాళ్లు చత్వారం కళ్లజోడు కూడా తెచ్చుకోండి, ఆ నాలుక బియ్యపు గింజలో సగం కూడా ఉండదు.

పని ఇలా చేయండి

1. కీ ఆపండి, ఒక నిమిషం ఆగండి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. నెగటివే ముందు. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ ఫ్రేముకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. "చిన్న హారన్ వైరే కదా" అని ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లు ఫ్యూజు కొనుక్కోవడానికి డబ్బులు పక్కన పెట్టుకోండి.

2. కప్లర్ రెండు సగాలూ విడదీయండి. రెండు చేతులా ప్లాస్టిక్‌నే పట్టుకోవాలి, వైర్లని కాదు. బిగుసుకుపోయి ఉంటే ముందు రెండు సగాల్ని ఒకదాంట్లోకి ఒకటి ఇంకాస్త నొక్కండి, అప్పుడు గొళ్లెం మీద ఒత్తిడి పోయి తేలిగ్గా అణుగుతుంది. ఎండకి ఎండిన పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, వేణ్నీళ్లలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలు చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోవద్దు.

3. ఫోటో తీయండి, కాగితం మీద బొమ్మ వేసుకోండి. బొమ్మ ఏ వైపు నుంచి చూసి వేశారో పక్కన రాయండి, "వైర్ల వైపు" అనో "నోటి వైపు" (రెండో సగం వచ్చి దూరే వైపు) అనో. ఇది రాయకే నేనొకసారి పరువు తీసుకున్నా. హెడ్‌లైట్ కప్లర్ మారుస్తూ బొమ్మ వైర్ల వైపు నుంచి వేసి, పిన్నులు మాత్రం నోటి వైపు చూస్తూ ఎక్కించా. కుడి ఎడమలు తారుమారై ఎర్తు వైరు, హై బీమ్ వైరు ఒకదాని చోట్లోకి ఒకటి వెళ్లిపోయాయి. విచిత్రం ఏంటంటే హై వేస్తే లైటు బ్రహ్మాండంగా వెలిగింది, లో వేస్తేనే రెండు ఫిలమెంట్లూ వరసలో పడి గుడ్డిగా ఎర్రగా మిణుకుమంది. విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నాలుగో లాంతరు నాదే, వెనక కూర్చున్న మా బావమరిది ఇప్పటికీ ఆ మాట అంటుంటాడు.

వైరు రంగుల్ని నమ్ముకోవచ్చు గానీ కంపెనీ మారితే అర్థం మారుతుంది. హీరో, హోండా బళ్లలో ఆకుపచ్చ వైరు ఎర్తు, బజాజ్‌లో నలుపు మీద పసుపు గీత ఉన్నది ఎర్తు. ఒక బండి లెక్క ఇంకో బండికి పెట్టొద్దు.

4. రెండో తాళం ఉందేమో చూడండి. కప్లర్ ఒంటి రంగు కాకుండా వేరే రంగు ముక్క కనిపిస్తే అదే. కొన్నింటికి నోటి వైపు ఉంటుంది, కొన్నింటికి పక్కన, కొన్నింటికి వెనకాల మూతలా తెరుచుకుంటుంది. చాలావాటిలో ఈ ముక్క మొత్తం ఊడిరాదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగి ఆగిపోతుంది, అక్కడితో సరి. "ఇంకా రావాలేమో" అని పీకితే విరుగుతుంది. ముక్క జరక్కుండా పిన్ను తీయాలని చూస్తే ఎంతసేపైనా రాదు, నన్ను అడిగే సీలు కప్లర్ల కేసుల్లో ఎక్కువ శాతం తీరా చూస్తే ఇదే.

5. ఇప్పుడు అసలు కిటుకు. వైరు పట్టుకుని పిన్నుని ముందుకి, అంటే నోటి వైపుకి, నెట్టండి. చాలామంది ఈ ఒక్కటీ చేయరు. నెట్టగానే నాలుక గట్టుని వదిలి అర మిల్లీమీటరు ముందుకి వస్తుంది, దాని మీద బరువు పోతుంది. వైరు మెత్తగా ఉండి వంగిపోతుంటే వెనక నుంచి నోస్ ప్లేయర్‌తో, ఇన్సులేషన్ చీలకుండా, పిన్నుకి దగ్గరగా పట్టుకుని నెట్టండి.

6. నెట్టి పట్టుకునే, నోటి వైపు నుంచి మొన దూర్చండి. టార్చి వేసి చూస్తే పిన్నుకీ ప్లాస్టిక్ గోడకీ మధ్య ఒకవైపు సన్నటి సందు కనిపిస్తుంది, నాలుక ఉన్నది ఆ వైపే. చదును పిన్నుకైతే సాధారణంగా వెడల్పు వైపు మధ్యలో ఉంటుంది. ఏ వైపో తేల్చుకోలేకపోతే అదే రకం విడి పిన్ను ఒకటి షాపులో కొని చేతిలో పట్టుకుని చూడండి, ఒక్క చూపుతో అర్థమైపోతుంది. పెద్దవి 6.3 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్నవి 2.8, బైకుల తెల్ల కప్లర్లలో ఎక్కువగా కనిపించేవి ఈ రెండే.

మొన ఆరేడు మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాక ఒక మెత్తటి అడ్డు తగులుతుంది, అదే నాలుక. దాన్ని పిన్ను వైపుకి అదమండి. చిన్నగా టిక్కుమన్నట్టు వేలికి తెలుస్తుంది, చెవికి వినపడకపోవచ్చు.

ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్తున్నా, ఆడ పిన్ను (మగ పిన్ను తనలోకి దూరే బోలు పిన్ను) నోట్లో సూది గానీ స్క్రూడ్రైవర్ గానీ పెట్టొద్దు. పిన్ను పక్కనున్న సందులో పెట్టాలి. నోట్లో పెడితే దాని మడతలు విచ్చుకుని మగ పిన్నుని వదులుగా పట్టుకుంటుంది, వదులు పట్టు వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. మూడు నెలల తర్వాత కప్లర్ నల్లబడి కాలిన వాసన వచ్చినప్పుడు ఆ సూది ఎవరికీ గుర్తుండదు.

7. అదిమి ఉంచి, వెనక నుంచి వైరుని మెల్లగా లాగండి. మెల్లగా అంటే చొక్కా బొత్తానికి వేలాడే దారం లాగినంత. వస్తే జారుతూ వచ్చేస్తుంది. రాకపోతే బలం పెంచొద్దు, మళ్లీ 5 నుంచి మొదలుపెట్టండి. రెండుసార్లకీ రాకపోతే మొనని పిన్ను రెండో వైపు దూర్చి చూడండి, మూడోసారికి మీరు తప్పు వైపు అదుముతున్నారనే లెక్క.

గుండ్రటి పిన్నులకి రెండు వైపులా నాలుకలుంటాయి, ఒకటి అదిమితే రెండోది పట్టుకునే ఉంటుంది. వాటికే ఆ ఏంటెన్నా గొట్టం. పిన్ను మీదుగా సరిపోయే ముక్క ఎంచుకుని నిటారుగా తొడిగి నొక్కితే రెండు నాలుకలూ ఒకేసారి ముడుచుకుంటాయి.

8. సీలు కప్లర్ అయితే 6, 7 ఇలా మారతాయి. రెండో తాళం జరిపాక నోటిలోకి టార్చి వేస్తే పిన్ను మీదకి వాలిన ప్లాస్టిక్ వేలు కొస కనిపిస్తుంది. సూది మొనతో ఆ కొసని పిన్నుకి దూరంగా, కాగితం మందమంత లేపితే చాలు, అలా పట్టుకుని వెనక నుంచి లాగండి. ఎక్కువ లేపారా, విరిగిపోతుంది, ఇక ఆ గది ఎందుకూ పనికిరాదు, హౌసింగ్, అంటే ఆ ప్లాస్టిక్ డబ్బా, మొత్తం మార్చాలి. వైరుతోపాటు చిన్న రబ్బరు సీలు కూడా వస్తుంది కాబట్టి కాస్త బిగువుగానే ఉంటుంది, వైరుని అటూ ఇటూ కొద్దిగా మెలితిప్పుతూ లాగండి. జారడానికి సబ్బునీళ్లో సిలికాన్ గ్రీజో ఒక చుక్క చాలు. పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ వద్దు, సీలు రబ్బరు ఉబ్బిపోవచ్చు.

కొన్ని సీలు కప్లర్లలో వైరు వెనక్కి కాదు, నోటి వైపు నుంచి బయటికి వస్తుంది. పిన్ను కప్లర్ వెనక కన్నం కంటే లావుగా ఉందంటే అదే రకం, వైరుని వెనక నుంచి తోస్తూ ముందుకి తీయాలి.

పిన్ను చేతికొచ్చాక

బ్రష్, కాంటాక్ట్ క్లీనర్‌తో చిలుము తోమేయండి. గరుకు కాగితం పెట్టకండి, పైన తగరం పూత ఉంటే అదీ పోతుంది, తర్వాత రెట్టింపు వేగంతో చిలుము పడుతుంది. తోమినా గుంటలు పడి కనిపిస్తే, లేదా వేడికి ఇత్తడి నీలంగా మారి ఉంటే ఆ పిన్ను పారేసి కొత్తది క్రింప్ చేయండి, అంటే దాని రెక్కల్ని నొక్కి వైరుకి బిగించండి. కొత్త పిన్నుకి రెండు జతల రెక్కలుంటాయి, ముందు జత రాగిని, వెనక జత ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. రెండు జతల్నీ రాగి మీదే నొక్కేస్తే ఇంజన్ వైబ్రేషన్‌కి వైరు ఆ అంచు దగ్గరే తెగుతుంది.

పాత పిన్నునే వాడుతుంటే నాలుకని బ్లేడు మొనతో కొంచెం పైకి లేపండి. మీరే కదా అదిమారు, అది దానంతట అది లేవదు. చాలామంది ఇది మర్చిపోయి పిన్ను దూర్చేస్తారు, చూడ్డానికి బాగానే ఉంటుంది, కప్లర్ కలపగానే మగ పిన్ను దాన్ని వెనక్కి తోసేస్తుంది. మరీ ఎక్కువసార్లు వంచొద్దు, రెండు మూడుసార్లకి మించితే విరుగుతుంది.

ఆడ పిన్ను పట్టు చూడ్డానికి ఒక విడి మగ పిన్ను దగ్గర పెట్టుకోండి. దూర్చి తలకిందులుగా పట్టుకుంటే జారిపడకూడదు, తీసేటప్పుడు గీసుకుంటూ రావాలి. వదులుగా ఉంటే నోస్ ప్లేయర్‌తో మడతల్ని ఒక్క వెంట్రుకవాసి నొక్కండి.

తిరిగి ఎక్కించడం, సరిగ్గా కూర్చుందో లేదో చూడడం

నాలుక గట్టు వైపు ఉండేలా వెనక నుంచి తోయండి, టక్‌మనాలి. టక్‌మనకపోతే తిరగేసి పట్టుకున్నారేమో చూడండి. తర్వాత రెండో తాళం మూయండి. అది మూసుకోకపోతే ఏదో ఒక పిన్ను పూర్తిగా దిగలేదన్నమాట, బలవంతంగా మూయకండి, ఆ ముక్క పెట్టిందే మనకి ఆ సంగతి చెప్పడానికి.

ఇక పరీక్షలు. ఒక్కో వైరుని రెండు వేళ్లతో వెనక్కి చిన్నగా లాగి చూడండి, కదలకూడదు. కప్లర్ నోటిలోకి ఎదురుగా చూడండి, పిన్నులన్నీ ఒకే లోతులో ఉండాలి, ఒకటి లోపలికి జారి ఉంటే కప్లర్ కలిపాక అది అసలు తగలదు. బాగున్న బండికి "అప్పుడప్పుడూ ఆగిపోతోంది" అనే రోగం వస్తే నేను ముందు చూసేది ఇదే.

కప్లర్ కలిపి, బ్యాటరీ పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ ఓల్టులకి తిప్పండి. ఆ కప్లర్ మీద ఆధారపడే లైటో హారనో ఆన్‌లో ఉండగా ఒక ప్రోబు కప్లర్ ఇటువైపు వైరు పిన్ను వెనక, ఇంకో ప్రోబు అటువైపు అదే వైరు పిన్ను వెనక పెట్టండి. 0.1 ఓల్టు లోపు చూపిస్తే బాగున్నట్టు. 0.3, 0.4 చూపిస్తే పిన్ను ఇంకా వదులుగానో మురికిగానో ఉంది. బీప్ పెట్టి చూసే కంటిన్యూటీ టెస్టు ఇక్కడ మోసం చేస్తుంది, ఒక్క రాగి పోగు తగిలినా బీప్ వస్తుంది, కరెంటు మాత్రం పోదు. సీలు కప్లర్‌లో ప్రోబు పెట్టడానికి రబ్బరుకి కన్నం పొడవకండి, దానికి మీటర్ వద్దు, పది నిమిషాలు లైటు వేసి ఉంచి చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు ఆనించలేకపోతే మళ్లీ విప్పాలి.

చివరగా బండి స్టార్ట్‌లో ఉండగా కప్లర్ దగ్గర వైర్లని అటూ ఇటూ ఊపండి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. లైటు మినుకుమన్నా ఇంజన్ తడబడినా ఏదో పిన్ను సరిగా కూర్చోలేదు.

కరిగిన కప్లర్, ఈసీయూ కప్లర్

కరిగిపోయిన కప్లర్‌లోంచి పిన్ను పద్ధతిగా రాదు, ప్లాస్టిక్ నాలుక చుట్టూ గడ్డకట్టేసి ఉంటుంది. ఊచతో కుస్తీ పట్టి గంట పాడుచేసుకోకండి. కటింగ్ ప్లేయర్‌తో ప్లాస్టిక్‌నే ముక్కలుగా కొరికేసి పిన్నులు బయటికి తీయండి, అప్పుడు వైరు పొడవు తగ్గదు. ఒకసారికి ఒక్క వైరే, కొత్త కప్లర్‌లో దాని చోట పెట్టాకే రెండోది. రెగ్యులేటర్ (బ్యాటరీ ఛార్జింగ్‌ని అదుపులో పెట్టేది) కప్లర్‌లో మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే మూడు వైర్లూ ఒకే పసుపు రంగులో ఉంటే ఏది ఎక్కడన్న టెన్షన్ వద్దు, ఆ మూడింటి వరస మారినా తేడా రాదు. మిగతావాటికి వరస ముఖ్యం. కొత్తది బిగించాక మగ, ఆడ పిన్నులు రెండూ కొత్తవే వేశారో లేదో చూసుకోండి, ఒక సగమే మార్చి పాత కాలిన పిన్నుతో కలిపితే కొత్తదీ అలాగే కాలుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నవాటికి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) దగ్గర ఇరవై ముప్పై సన్న పిన్నుల పెద్ద కప్లర్ ఉంటుంది. మొదటిసారి చేయి తిప్పడానికి అది చోటు కాదు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జామ్ కాకుండా చూసేది) కప్లర్ కూడా అంతే. పాత సామాన్ల దుకాణంలో పాడైన వైరింగ్ కిట్ ఒకటి తెచ్చుకుని, దాని కప్లర్లలోంచి ఓ ఇరవై పిన్నులు నాలుక విరగకుండా తీసి, మళ్లీ ఎక్కించి చూడండి. మొదటి ఐదింటిలో రెండైనా విరుగుతాయి, నావైతే మూడు విరిగాయి.